పాత వెబ్ ఫామ్స్ సిస్టమ్ వదిలి లో-కోడ్ ప్లాట్‌ఫామ్‌కి మారాలా? ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్ట్ ఇది, ఓపిగ్గా చదవండి.

మాది సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు, కానీ మా సంస్థ పనంతా మేమే రాసుకున్న ఒక అప్లికేషన్ మీద నడుస్తుంది. 2009లో ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్ ఫామ్స్‌లో (మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ మీద వెబ్ పేజీలు తయారు చేసే పాత పద్ధతి) మొదలుపెట్టారు, వెనకాల ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్. ఇప్పటికి దాదాపు 400 పేజీలు, అంతకు రెట్టింపు స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన కోడ్) అయ్యాయి. డెవలపర్లం తొమ్మిది మందిమి, నాలుగేళ్లుగా నేను టీమ్ లీడ్‌ని.

పోయిన నెల మా మేనేజ్‌మెంట్‌వాళ్లు ఒక లో-కోడ్ ప్లాట్‌ఫామ్ (కోడ్ పెద్దగా రాయకుండా యాప్‌లు తయారు చేసే టూల్) డెమో చూసొచ్చారు. 40 నిమిషాల్లో ఒక ఫామ్, దానికి అప్రూవల్, రిపోర్టు, మొబైల్ స్క్రీన్ అన్నీ వాళ్ల కళ్లముందే తయారయ్యాయట. అలాంటి పనికే మేం మూడు వారాలు అడుగుతాం. "మరి మనం ఎందుకు మారకూడదు?" అని అడిగారు, నా దగ్గర గట్టి జవాబు లేదు. "మీకు పాతది అలవాటైపోయింది కాబట్టి వద్దంటున్నారు" అని కూడా ఒకరు అన్నారు. ఆ మాట బాగా గుచ్చుకుంది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉందేమోనని నాకే అనుమానం.

దీనికి తోడు ఆ ప్లాట్‌ఫామ్ అమ్మే వెండర్ తరఫు ఆయన, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ పని అయిపోయింది, రెండేళ్లలో సపోర్ట్ ఆగిపోతుంది అని చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి అందరికీ టెన్షన్. ఏదో ఒకటి సిఫార్సు చేయమని నాకు ఆరు వారాలు గడువిచ్చారు. లో-కోడ్‌కి వెళ్లడమా, కొత్త డాట్‌నెట్‌కి వెళ్లడమా, ఉన్నచోటే ఉండడమా? ఫలానాది మంచిదని చెప్పమని అడగడం లేదు, ఇలాంటిది ఎలా తేల్చుకోవాలో చెప్పండి. ఇంతకుముందు ఈ పని చేసినవాళ్లు చెబితే ఇంకా మేలు.

జవాబు 1

ముందు ఆ రెండేళ్ల సంగతి తేల్చేద్దాం, అది నిజం కాదు. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 అనేది విండోస్‌లో ఒక భాగం. ఏ విండోస్ మీద నడుస్తోందో ఆ విండోస్‌కి సపోర్ట్ ఉన్నంతకాలం దానికీ ఉంటుంది. విండోస్ సర్వర్ 2022నే తీసుకోండి, దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2031 అక్టోబర్ దాకా వస్తాయి. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 సంగతి చూడండి, ప్రోగ్రామ్ రాసుకునే టూల్‌కి 2008లోనే సపోర్ట్ ఆపేసినా, దాంతో తయారైన ప్రోగ్రాములు ఇప్పటికీ విండోస్ మీద నడుస్తూనే ఉన్నాయి.

కానీ అసలు విషయం వేరే ఉంది. మీ వెబ్ ఫామ్స్ ఇక ఎదగదు. 2016లో డాట్‌నెట్ కోర్ (కొత్త డాట్‌నెట్‌కి మొదటి పేరు) వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దాన్ని కొత్త వైపుకి తీసుకురాలేదు, 2020లో డాట్‌నెట్ 5తో అన్నీ ఒకటి చేస్తున్నామన్నప్పుడు కూడా తేలేదు. అంటే కొత్త డాట్‌నెట్‌కి వెళ్లాలంటే ఆ 400 పేజీలు మళ్లీ రాసుకోవాల్సిందే, వెర్షన్ నంబరు మార్చి కంపైల్ చేస్తే అయ్యే పని కాదు.

ఇంకో మాట, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. కొత్త డాట్‌నెట్ ప్రతి నవంబర్‌లో ఒక వెర్షన్ వస్తుంది, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే సరి సంఖ్య వెర్షన్లకి కూడా మూడేళ్లే. డాట్‌నెట్ 8 నవంబర్ 2023లో వచ్చింది, దాని గడువు నవంబర్ 2026. మీరు 2009 నుంచి ఒకే చోట హాయిగా కూర్చున్నారు, అటు వెళితే రెండు మూడేళ్లకోసారి అప్‌గ్రేడ్ అనే పని ఎప్పటికీ ఉంటుంది. అదేమీ పెద్ద కష్టం కాదు, కానీ దానికి మనుషులు, టైమ్ ముందే కేటాయించుకోకపోతే ఐదేళ్ల తర్వాత మళ్లీ ఇదే ప్రశ్నతో ఇక్కడికే వస్తారు.

మీకు టైమ్ ఉంది. ఆ భయాన్ని పక్కన పెట్టి ఆలోచించండి.

జవాబు 2

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను చెప్పేది రెండు సంగతుల గురించి, మొదటిది మీ మూడు వారాల గురించి.

డెమోలో 40 నిమిషాలు, మీకు మూడు వారాలు అని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా డెమోనే నచ్చుతుంది. కానీ ఆ మూడు వారాల్లో స్క్రీన్ తయారు చేయడానికి పట్టేది ఎంత? దయచేసి ఊహించి చెప్పకండి. గత పది రిక్వెస్టులు తీసి, ఒక్కోటి ఏ తేదీన వచ్చింది, ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగింది, కోడ్ రాయడం ఎప్పుడు మొదలై ఎప్పుడు అయింది, టెస్టింగ్ ఎంత, లైవ్‌కి వెళ్లడానికి ఎంత ఆగింది అని వరసగా రాయండి. నేను చూసిన చోట్ల ఎక్కువ కాలం పోయేది "ఇది ఎలా ఉండాలి?" అన్న ప్రశ్నకి జవాబు కోసం ఎదురుచూడ్డంలో. మీకూ అంతే అయితే ఏ ప్లాట్‌ఫామ్ కొన్నా ఆ రోజులు తగ్గవు. నిజంగానే స్క్రీన్లు తయారు చేయడంలోనే రెండు వారాలు పోతుంటే మాత్రం మీ మేనేజ్‌మెంట్ చెప్పేదాంట్లో బలం ఉందని ఒప్పుకోవాలి.

రెండోది, లోపలికి వెళ్లేముందే బయటికి వచ్చే దారి చూసుకోవడం. ఇది నేను అనుభవించి చెబుతున్నాను. ఒకప్పుడు మా మొబైల్ యాప్ వెనకాల ఉండే సర్వర్ పనంతా ఒక సర్వీసు మీద పెట్టుకున్నాం. బాగుంది, త్వరగా అయింది, అందరం సంతోషించాం. కొన్నేళ్లకి దాన్ని మూసేస్తున్నామని నోటీసు వచ్చింది, ఏడాది గడువు ఇచ్చారు. డేటా ఒక్క రోజులో దించుకున్నాం. కానీ మా లెక్కలు, రూల్స్, ఎవరు ఏది చూడొచ్చు అన్న అనుమతులు అన్నీ ఆ సర్వీసు వాళ్ల పద్ధతిలో రాసుకున్నవి, అవి ఇంకెక్కడా నడవవు. వాటిని తిరిగి రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో వాడేవాళ్లకి ఒక్క కొత్త ఫీచర్ ఇవ్వలేకపోయాం, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పెద్ద పేరున్న కంపెనీ కదా, ఏం కాదులే అనుకోకండి. మొబైల్ యాప్‌ల సర్వర్ పని చూసే పార్స్ అనే సర్వీసుని ఫేస్‌బుక్ 2013లో కొన్నది, 2016 జనవరిలో మూసేస్తామని ప్రకటించింది, 2017 జనవరిలో మూసేసింది. వాళ్లని ఒక విషయంలో మెచ్చుకోవాలి, సర్వర్ కోడ్‌ని ఓపెన్ సోర్స్‌గా (ఎవరైనా తీసుకుని వాడుకునేలా) ఇచ్చారు కాబట్టి కావలసినవాళ్లు సొంతంగా నడుపుకోగలిగారు. బ్రౌజర్‌లో యాప్‌లు నడపడానికి మైక్రోసాఫ్ట్ 2007లో ఎంతో ఆర్భాటంగా తెచ్చిన సిల్వర్‌లైట్‌కి 2021 అక్టోబర్‌లో సపోర్ట్ ముగిసింది. మూసేయకపోయినా షరతులు మారొచ్చు. డెవలపర్లు వాడే డాకర్ డెస్క్‌టాప్ అనే టూల్ 2021లో పెద్ద కంపెనీలకి డబ్బు కట్టాల్సిందిగా మారింది, సర్వర్లు ఏర్పాటు చేసే టెరాఫామ్ అనే టూల్ లైసెన్సు 2023 ఆగస్టులో మారింది. టెరాఫామ్ పాత కోడ్ ఓపెన్ సోర్స్ కావడం వల్ల దాని నుంచి ఓపెన్‌టోఫు అని వేరే శాఖ మొదలైంది. మీ లో-కోడ్ వెండర్ రేపు ధర మూడింతలు చేస్తే మీకు అలాంటి దారి ఉంటుందా?

అందుకని వెండర్‌ని ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. మేం మానేస్తే డేటా ఏ రూపంలో ఇస్తారు, సరే, మేం పెట్టుకున్న లాజిక్ సంగతేంటి? అది వేరేచోట నడిచే కోడ్‌గా వస్తుందా, మీ ప్లాట్‌ఫామ్ మాత్రమే చదవగలిగే ఫైలుగా వస్తుందా? ఇద్దరు డెవలపర్లు ఒకే పేజీని ఒకేసారి మారిస్తే ఏమవుతుంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో మేం గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) చూసుకున్నట్టు చూసుకోగలమా? లైవ్‌లో ఏదైనా తప్పు జరిగితే నిన్నటి వెర్షన్‌కి వెనక్కి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది? "అన్నీ ఉన్నాయి" అంటే సరిపోదు, చేసి చూపించమనండి. సూటిగా చూపించేవాళ్లు ఉంటారు, మాట దాటేసేవాళ్లూ ఉంటారు. ఆ తేడా మీకు చాలా చెబుతుంది.

జవాబు 3

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే మేం మూడేళ్లుగా లో-కోడ్ వాడుతున్నాం, దానివల్ల మేలు జరిగింది. సెలవు దరఖాస్తులు, పరికరాల రిజిస్టరు, తనిఖీ ఫామ్‌లు, చిన్నచిన్న అప్రూవల్స్ లాంటివి ఇదివరకు ఎక్సెల్ ఫైళ్లలో, ఈమెయిళ్లలో నడిచేవి, మా డెవలపర్లకి వాటి మొహం చూసే టైమ్ ఎప్పుడూ ఉండేది కాదు. ఇప్పుడు ఆయా విభాగాల వాళ్లే ఫామ్‌లో ఒక గడి కలపాలంటే కలుపుకుంటున్నారు. అందుకని డెవలపర్లు "అది బొమ్మలాట" అని కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది.

కానీ అసలు లెక్కల భాగాన్ని కూడా అందులోకే తేవాలని ప్రయత్నించినప్పుడు దెబ్బతిన్నాం. స్టోర్డ్ ప్రొసీజర్‌లో రెండు పేజీల్లో ఉన్న లెక్క అక్కడ అరవై పెట్టెలూ బాణాలూ ఉన్న బొమ్మ అయింది. ఒక షరతు మార్చాలంటే ఏ పెట్టెలో ఉందో వెతకడానికే సగం పూట. టెస్టులు రాసుకునే వీలు సరిగ్గా లేదు. చివరికి ఆ లెక్కని మళ్లీ మామూలు కోడ్‌గా రాసి, లో-కోడ్ నుంచి ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పిలిచే దారి) ద్వారా పిలుస్తున్నాం, అలా ఏ ఇబ్బందీ లేదు.

రెండు జాగ్రత్తలు. లైసెన్సు మనిషికి ఇంత అని ఉంటే, ఏడాదికి రెండుసార్లు లాగిన్ అయ్యేవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు, డెమో అయ్యాక ఇచ్చే కొటేషన్‌లో ఆ సంఖ్య సాధారణంగా తక్కువే వేస్తారు. ఇంకోటి, ఎవరు పడితే వాళ్లు యాప్‌లు తయారు చేయగలగడం మొదట్లో ఆనందంగా ఉంటుంది, రెండేళ్లకి వంద యాప్‌లు అవుతాయి, అందులో సగం తయారు చేసినవాళ్లు వేరే ఉద్యోగాలకి వెళ్లిపోయి ఉంటారు. ప్రతి యాప్‌కి ఒక బాధ్యుడి పేరు, ఆ మనిషి వెళ్లేటప్పుడు ఎవరికి అప్పగించాలి అన్నది మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి.

మీ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉందనిపిస్తోంది. 400 పేజీలకీ కలిపి ఒకే జవాబు కావాలని ఎందుకు అనుకుంటున్నారు?

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పది రిక్వెస్టుల లెక్క నిన్నా ఇవాళా కూర్చుని తీశాను. సగటున 15 పనిదినాలు. అందులో స్క్రీన్, కోడ్ కలిపి మూడు రోజులు. ఐదు రోజులు అవతలి విభాగం నుంచి వివరణ కోసం ఎదురుచూపు. చేత్తో చేసే టెస్టింగ్ మూడు రోజులు. మిగతా నాలుగు రోజులు రెడీ అయిపోయిన పని రిలీజ్ కోసం ఊరికే కూర్చోవడం, ఎందుకంటే మేం రెండు వారాలకోసారే లైవ్‌కి పంపుతాం. నేను ఇన్నేళ్లుగా వెబ్ ఫామ్స్‌నే తిడుతున్నాను, ఈ అంకెలు చూశాక నోట మాట రాలేదు.

400 పేజీలకి ఒకే జవాబు అక్కర్లేదన్నది కూడా ఇప్పుడు అర్థమవుతోంది. వాటిలో 150 దాకా మామూలు ఫామ్‌లే. ఇప్పుడు ఒక ట్రయల్ చేద్దామనుకుంటున్నా. వెండర్ సొంత ఇంజినీరుని పంపి ఉచితంగా ఒక యాప్ తయారు చేసి ఇస్తానంటున్నాడు. ఒప్పుకోవాలా? ఏ పేజీతో మొదలుపెట్టాలి?

జవాబు 2

ఒప్పుకోండి, కానీ ఆ ఇంజినీరు పక్కన కూర్చుని చెప్పాలి, కీబోర్డు మీద చెయ్యి మాత్రం మీవాళ్లదే ఉండాలి. ఆయన చేస్తే ఆయనకి ఎంత వచ్చో తెలుస్తుంది, మీ టీమ్‌కి ఎంత పడుతుందో తెలియదు.

పేజీలు రెండు తీసుకోండి. ఒకటి ఆ 150లో మామూలుది. రెండోది అందరూ ముట్టుకోవడానికి భయపడేది, ప్రతి సంస్థలో అలాంటిది ఒకటి ఉంటుంది, మీకు చదువుతుండగానే గుర్తొచ్చి ఉంటుంది. ఆ రెండూ లో-కోడ్‌లో ఒకసారి, కొత్త డాట్‌నెట్‌లో ఒకసారి చేయించండి. టీమ్‌లో అందరికంటే చురుకైనవాళ్లని పెట్టకండి, వాళ్లు దేంట్లోనైనా నెట్టుకొస్తారు, మధ్యస్థంగా ఉన్న ఇద్దరిని పెట్టండి. కొత్త డాట్‌నెట్ వైపు చేసేటప్పుడు మొత్తం సిస్టమ్ మార్చనక్కర్లేదు. ముందు యార్ప్ లాంటి ప్రాక్సీ (వచ్చే రిక్వెస్టులని తగిన చోటికి మళ్లించే ప్రోగ్రాము) ఒకటి పెట్టి, ఆ ఒక్క పేజీకి వచ్చేవాటిని కొత్తదానికి, మిగతావన్నీ పాతదానికి పంపొచ్చు, డేటాబేస్ ఒకటే. వాడేవాళ్లకి తేడా తెలియదు. ఒకే చిక్కు లాగిన్ సెషన్‌ది, పాత పేజీలో లాగిన్ అయినవాళ్లని కొత్త పేజీ గుర్తుపట్టాలి, దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే అడాప్టర్లు ఉన్నాయి, మొదటి వారంలోనే అది పెట్టి చూసుకోండి.

మొదలుపెట్టే ముందే ఏం జరిగితే ఆపేస్తారో కాగితం మీద రాసి మేనేజ్‌మెంట్‌కి పంపండి. ట్రయల్ అయ్యాక రాస్తే ఎవరికి నచ్చింది వాళ్లు చూసుకుంటారు, అప్పటికి అందరికీ దాని మీద మమకారం పెరిగి ఉంటుంది. చివరి వారం కొత్తగా ఏమీ కట్టకండి. అప్పటిదాకా దాన్ని చూడని మూడో మనిషికి ఇచ్చి ఒక రూలు మార్చమనండి, ఒక బ్యాకప్ నుంచి తిరిగి తెప్పించండి, నిన్నటి వెర్షన్‌కి వెనక్కి వెళ్లమనండి. ఒక సిస్టమ్‌ని ఒకసారి కడతాం, తర్వాత పదిహేనేళ్లు మారుస్తూనే ఉంటాం, మీ 2009 సిస్టమే అందుకు సాక్ష్యం. కాబట్టి మార్చడం ఎలా ఉందో చూడని ట్రయల్ దేనికీ పనికిరాదు.

జవాబు 4

ఆలస్యంగా చూశాను. మధ్యలో ఆగిపోవడం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను.

మేం పాతదాని నుంచి కొత్తదానికి 18 నెలల్లో మారతామని ప్లాన్ వేశాం. మూడో ఏడు నడుస్తోంది, రెండూ నడుస్తున్నాయి. నిబంధన ఒకటి మారితే రెండు చోట్ల మార్చాలి, రెండు చోట్లా టెస్ట్ చేయాలి, కొత్తగా చేరినవాళ్లు రెండూ నేర్చుకోవాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడ్డట్టుంది. ఇలా ఎందుకయిందంటే సులువైన పేజీలన్నీ మొదటి ఏడాదిలో మార్చేసి సంబరపడ్డాం, కష్టమైనవి అలాగే మిగిలాయి, అప్పటికి మేనేజ్‌మెంట్ ఆసక్తి వేరే పనుల మీదకి పోయింది.

అలాగని మొత్తం ఆపేసి ఒకేసారి తిరగరాయమని నేను చెప్పను. నెట్‌స్కేప్ 1997లో తన బ్రౌజర్ వెర్షన్ 4 విడుదల చేసి, 1998లో కోడ్ మొత్తాన్ని తిరగరాయడానికి పూనుకుంది. వెర్షన్ 5 అసలు రానేలేదు, వెర్షన్ 6 వచ్చేసరికి 2000 నవంబర్. ఈలోగా మార్కెట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది అయిపోయింది. పేజీ పేజీగా మార్చడమే మంచిది, కానీ ప్రతి పేజీకి కొత్తది ఎప్పుడు వస్తుంది అనే తేదీతో పాటు పాతది ఎప్పుడు డిలీట్ చేస్తాం అనే తేదీ కూడా పెట్టుకోండి. పాత పేజీ డిలీట్ అయినప్పుడే ఆ పని అయినట్టు లెక్క. మేం చేయనిది అదే.

మనుషుల గురించి కూడా ఒక మాట. మీ తొమ్మిది మందిలో ఆ స్టోర్డ్ ప్రొసీజర్లన్నీ కంఠతా వచ్చినవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ప్లాట్‌ఫామ్ మారుతుందనగానే వాళ్లకి ఉద్యోగం గురించి భయం వేస్తుంది, పైకి చెప్పరు. మా దగ్గర అలాంటాయన ఒకరు ఆ భయంతోనే వెళ్లిపోయారు, ఆయనకి తెలిసినదంతా ఆయనతోనే వెళ్లిపోయింది. ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ దారిలో వెళ్లినా ఆ రూల్స్ తెలిసిన మనిషి కావాలి, ఆ సంగతి వాళ్లకి మీ నోటి నుంచి వినపడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇవాళ మీటింగ్ అయింది. పది రిక్వెస్టుల పట్టిక పెట్టగానే మాట తీరు మారిపోయింది. ఐదు రోజుల ఎదురుచూపు తమ విభాగంలోనే అని చూసి ఒకరు ఇబ్బంది పడ్డారు, నేను ఎవరినీ నిందించకుండా తేదీలు మాత్రమే చదివాను. రిలీజ్ వచ్చే నెల నుంచి వారానికోసారి చేస్తున్నాం, అది ఏ ప్లాట్‌ఫామ్ కొనకుండానే చేయగలిగిన పని, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో అని బాధగా ఉంది.

ట్రయల్‌కి ఒప్పుకున్నారు, సోమవారం మొదలు. కష్టమైన పేజీగా సంవత్సరాంతపు సర్దుబాట్లది పెట్టుకున్నాం, దాని కోడ్-బిహైండ్ ఫైలు (పేజీ వెనకాల ఉండే కోడ్) ఒక్కటే 2,300 లైన్లు. ఆపేసే షరతులు మూడు రాసి ఈమెయిల్ చేశాను. మూడో మనిషి ఒక రూలుని ఒక రోజులో మార్చలేకపోతే వద్దు. పది నిమిషాల్లో నిన్నటి వెర్షన్‌కి వెళ్లలేకపోతే వద్దు. మేం వదిలేసేటప్పుడు లాజిక్ ఏ రూపంలో ఇస్తారో వెండర్ రాతపూర్వకంగా చెప్పకపోతే మామూలు ఫామ్‌లకి తప్ప వాడేది లేదు. ఈ షరతులు కొత్త డాట్‌నెట్ వైపుకి కూడా వర్తిస్తాయని నేనే కలిపాను, లేకపోతే పాత అలవాటు అన్న మాట మళ్లీ వస్తుంది.

జవాబు 4 చదివాక మా సీనియర్ ఒకరిని పిలిచి మాట్లాడాను. 2009లో మొదటి పేజీ రాసింది ఆయనే. సగం సేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ సర్దుబాట్ల పేజీలో ఏ రూలు ఎందుకు ఉందో తాను కూర్చుని రాసిస్తానన్నారు. ఇప్పటికి 31 రూల్స్ రాశారు, వాటిలో నాలుగు ఇప్పుడు అవసరమే లేదట.